పాపం క్షేమంగా ఉంది

కోర్టు వరండాలో నన్ను సున్నాలమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ముప్పై ఏళ్ళుగా టైపు కొడుతున్నాను. ఎవరి కాగితంలోనైనా ఒక సున్నా ఎగిరిపోయినా, ఒక ఒత్తు జారిపోయినా నాకు తిన్నది ఒంటబట్టదు. 'సంతకం'లో సున్నా మింగేసి 'సతకం' అని రాసుకొచ్చిన గుమాస్తానొకడిని నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. వాడు ఇప్పటికీ నేను కనబడితే మెట్ల వెనక్కి తప్పుకుంటాడు. నోరు మంచిది కాదని నాకు పేరు. పేరు నిజమే. అందుకే ఆ రోజు నేను చేసిన నిర్వాకం చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా చెప్పి తీరతాను, ఎందుకంటే ఆ నిర్వాకం లేకపోతే ఈ కథే లేదు.

నేను పనిచేసేది ఒక లాయరమ్మ దగ్గర. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. కోర్టు వెనక సందులో మేడమీద ఒకటే గది. రెండు బల్లలు, ఒక బీరువా. ఆ బీరువా తలుపు పడాలంటే మోకాలితో ఒక్క పోటు పొడవాలి. ఆ బీరువాలో పై అరలో ఏడాదిగా ఉన్న ఫైలు పిచ్చుకది.

పిచ్చుక అంటే పంతొమ్మిదేళ్ళ పిల్ల. గలగలా మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. ఏడో ఏట తల్లి పోతే నా అన్నవాళ్ళు లేక, పిల్లల సంరక్షణ శాఖవాళ్ళు తీసుకెళ్ళి ఒకావిడ ఇంట్లో పెట్టారు. పరాయి పిల్లల్ని సర్కారు తరపున పెంచడానికి ఒప్పుకున్న అలాంటి ఇంటిని శాఖవాళ్ళు 'సంరక్షణ ఇల్లు' అంటారు. ఆ సంరక్షణ ఎలాంటిదంటే, ఎనిమిదేళ్ళ పిల్లచేత మరిగే నీళ్ళ గిన్నె దింపించారు. ఎడమచెయ్యి కాలిపోయింది. డాక్టరుకి చూపించలేదు, గుడ్డ చుట్టి ఊరుకున్నారు. మూడువేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకుపోయాయి. ఎప్పటికో బళ్ళో టీచరు చూసి రచ్చ చేస్తే పిల్లని అక్కణ్ణుంచి మార్చారు. ఆ ఇంటావిడ మాత్రం 'ప్రమాదం' అని ఒక ముక్క రాసిచ్చి బయటపడింది.

పిచ్చుక మొదటిసారి మా ఆఫీసుకొచ్చినప్పుడు లాయరమ్మ అడిగింది, "నీకేం కావాలమ్మా?" అని.

"నా వేళ్ళు ఇంక వంగవు మేడమ్, అది నాకు తెలుసు. మొన్న ఆ వీధిలోంచి వెళ్తూ చూశా. ఆ గుమ్మంలో మూడు జతల చిన్నచెప్పులున్నాయి. ఆవిడకి మళ్ళీ పిల్లల్నిచ్చారు. వాళ్ళని బయటికి తీసుకురండి, చాలు."

నేను టైపు ఆపేశాను. కంచే చేను మేసిందంటే ఇదే కదా అనుకున్నాను. ఒళ్ళు భగ్గుమంది.

కేసు శాఖ మీద వేశాం. పిల్లని మీరు పెట్టారు, చూసుకోవాల్సింది మీరు, జవాబు చెప్పాల్సిందీ మీరేనని. వాళ్ళ సమాధానం ఒకటే: "ఆవిడ దాచింది, మేమేం చేస్తాం? మా అధికారులు నెలనెలా వెళ్ళి చూశారు. ప్రతి నెలా పిల్ల బాగానే ఉంది." పిచ్చుకేమో తనున్న ముప్పై ఒక్క నెలల్లో ఒక్కసారే ఒకాయన వచ్చాడని, గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడని చెబుతుంది. పసిపిల్ల జ్ఞాపకాన్ని కోర్టు నమ్మాలా, సర్కారు కాగితాన్ని నమ్మాలా? కాగితాలే గెలిస్తే, శాఖ అంతా సక్రమంగానే చూస్తోందని కోర్టే ముద్ర కొట్టినట్టవుతుంది. ఇక ఆ ఇంటివైపు వేలెత్తి చూపేవాడుండడు.

ఆ కాగితాలు ఇవ్వడానికి శాఖవాళ్ళు ఏడాది పట్టించారు. ఆఖరి విచారణకి ముందురోజు సాయంత్రం, సరిగ్గా తాళం వేసే వేళకి, ఒక కట్ట తెచ్చి బల్లమీద పడేశారు. ముప్పై ఒక్క తనిఖీ నివేదికలు. మొదటి పద్నాలుగూ ఒక అధికారివి. ఆయన ఇప్పుడు రిటైరై మంచాన ఉన్నాడట. తక్కిన పదిహేడూ ఆయన తర్వాత వచ్చిన రెండో అధికారివి. ప్రింటు వెలిసిపోయి, అక్షరం కనబడీ కనబడనట్టుంది. శుభ్రమైన నకళ్ళు పొద్దున్న పదింటికల్లా ఇవ్వాలని కోర్టు మాట.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకే ఆఫీసుకి వెళ్ళి కూర్చున్నాను. నివేదికలన్నీ ఒకేలా ఉంటే సరిపోను, పట్టుకునేవాళ్ళం. అలా లేవు. ఒక నెల 'బొమ్మలతో ఆడుకుంటోంది', ఒక నెల 'పద్యం అప్పజెప్పింది', ఒక నెల 'వాన వల్ల ఇంట్లోనే ఉంది'. ఎంత ముచ్చటగా రాశారో! కొడుతున్నకొద్దీ నా గుండె జారిపోయింది. ఇంత వివరంగా ఉన్నదాన్ని ఏ జడ్జి కాదంటాడు? ఆ గుబుల్లోనే వేళ్ళు టకటకా పోతున్నాయి. ప్రతి నకలు కిందా రూలు ప్రకారం 'అసలుకు సరియైన నకలు, ఉన్నది ఉన్నట్టు' అని కొట్టి, సంతకం పెట్టి, పదింటికి ఐదు నిమిషాలుండగా కోర్టులో ఒక సెట్టు, సర్కారు లాయరుకి ఒక సెట్టు ఇచ్చి వచ్చాను. విచారణ రెండింటికి.

పన్నెండింటికి పిచ్చుక వచ్చింది, సగంరోజు సెలవు పెట్టి. లాయరమ్మ తన బల్ల దగ్గర ఒకచేత్తో తింటూ ఒకచేత్తో ఫైలు తిప్పుతోంది. ఈ పిల్ల నా పక్కన కూర్చుని ఆ వెలిసిపోయిన అసలు కాగితాలు చదవడం మొదలెట్టింది. కాసేపటికి కిసుక్కున నవ్వింది.

"పెద్దమ్మా, వీళ్ళు నన్ను పాపం అని రాశారే!"

"ఏం పాపం? సరిగ్గా చూడు."

"చూశా. 'పాపం క్షేమంగా ఉంది.' ఇదిగో, మళ్ళీ ఇక్కడ. 'పాపం క్షేమంగా ఉంది.' నిజమేలే, పాపం క్షేమంగానే ఉంది. నేనే లేను."

"ప్రింటు బాలేదే తల్లీ. అది 'పాప' అయ్యుంటుంది."

"రోజుకి నాలుగువేల అడ్రసులు చదువుతా పెద్దమ్మా. నాకా చెబుతావు?"

లాక్కుని చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. పాప పక్కన గుండ్రంగా, నిక్షేపంలా సున్నా కూర్చునుంది. నా నకలు తీశాను. అందులో 'పాప'. రెండోది తీశాను. అసలులో 'పాపం', నా నకల్లో 'పాప'. మూడోది, పదోది, ఇరవయ్యోది. నాకు తెలియకుండానే నా వేళ్ళు ఆ సున్నాని ముప్పై ఒక్కసార్లు దిద్దేశాయి! కింద 'ఉన్నది ఉన్నట్టు' అని ముప్పై ఒక్క సంతకాలు!

"అయ్యో నా మొహం మండా!" అన్నాను. పిచ్చుక బెదిరిపోయి నా భుజం పట్టుకుంది.

సిగ్గుతో అక్కడే కుప్పకూలాల్సింది. కూలనివ్వని సంగతి ఒకటి అప్పుడే కంటపడింది. పద్నాలుగో నివేదిక కింద మొదటాయన సంతకం. పదిహేనో దాని కింద రెండో ఆయన సంతకం. రెండింట్లోనూ అదే సున్నా! మా నాన్న బడిపంతులు. పక్కపక్క బల్లల మీద ఇద్దరు కుర్రాళ్ళు 'సముద్రం' అనే మాటని ఒకే వంకరలో రాస్తే ఇద్దర్నీ లేపి నిలబెట్టాడు. ఒప్పు ఇద్దరికీ ఒకేలా రావచ్చురా, తప్పు ఒకేలా రాదు అనేవాడు.

"లాయరమ్మా!" అని కేకపెట్టాను. ఆ కేకకి కింద సైకిలు బాగుచేసే అతను తలెత్తి చూశాడట. "తినడం ఆపి ఇటు రండి! ఇద్దరు మనుషులు, ముప్పై ఒక్క నెలలు, ఒక్కటే తప్పు! ఇది నెలనెలా రాసింది కాదు. ఒక్కడే, ఒక్క పూటలో కూర్చుని వండివార్చాడు!"

ఆవిడ చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చింది. చూసింది. ఆవిడ మొహం చూడాలి అప్పుడు! లాటరీ తగిలినవాళ్ళు కూడా అలా వెలగరు. అంతలోనే నా నకళ్ళు చూసి ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది.

"అక్కా... ఇవి కోర్టుకి వెళ్ళిపోయాయి కదూ?"

"వెళ్ళిపోయాయి."

"నీ సంతకంతో."

"నా సంతకంతోనే."

"సర్కారు లాయరు దీన్నే పట్టుకుంటాడు. నిన్ను నిలబెట్టి అడుగుతాడు."

"అడగనీ. తప్పు నాదేనని నేనే చెబుతా."

"ముప్పై ఏళ్ళ పేరక్కా."

"పోతే పోనివ్వండి. నోరు మంచిది కాదన్న పేరు ఎలాగూ మిగులుతుంది."

పిచ్చుక మధ్యలో దూరింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నారు మీరిద్దరూ," అంది, కాలిన చెయ్యి ఊపుతూ. నేను ఆ సామెత దాని ముందు ఏనాడూ నోట రానివ్వలేదు. అదే అనేసి పకపకా నవ్వింది. మాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

రెండు కొట్టకముందే ముగ్గురం కోర్టు మెట్లెక్కాం. నా మోకాళ్ళ నొప్పులు ఎటుపోయాయో తెలీదు. హాల్లో పంకాలు కిర్రుమంటున్నాయి. వెనక బల్లల నిండా జనం, మా కేసు కోసం కాదు, వాళ్ళ వాయిదాల కోసం. రెండో అధికారి సాక్షి బోనెక్కాడు. నున్నగా దువ్విన తల, జేబులో రెండు పెన్నులు. నెలనెలా తప్పకుండా వెళ్ళానని, పిల్లతో మాట్లాడానని, ఎప్పటిదప్పుడే తన నివేదిక తనే కంప్యూటర్‌లో కొట్టుకున్నానని గడగడా చెప్పాడు. తనకి ముందున్నాయనా అంతేనన్నాడు.

లాయరమ్మ లేచింది. అసలు కాగితం ఆయన చేతికిచ్చి, "రెండో వరస చదవండి," అంది.

"పాప క్షేమంగా ఉంది."

"ఉన్నది ఉన్నట్టు చదవండి."

ఆయన కాగితం దగ్గరికి పెట్టుకున్నాడు. "పా... పాపం క్షేమంగా ఉంది."

వెనక బల్లల్లో ఎవరో నవ్వారు. లాయరమ్మ ఇంకోటిచ్చింది. "పాపం క్షేమంగా ఉంది." ఇంకోటి. "పాపం క్షేమంగా ఉంది." ఐదోదానికి నవ్వులు ఆగిపోయాయి. తర్వాత మంచాన ఉన్నాయన కాగితాలు ఇచ్చింది. వాటిల్లోనూ పాపం క్షేమంగానే ఉంది.

సర్కారు లాయరు చివ్వున లేచాడు. "అయ్యా, పిల్లమీద జాలిపడి పాపం అని రాసి ఉంటారు."

"అంత జాలిపడ్డవాళ్ళు చెయ్యి చూడలేదేమండీ?" అంది లాయరమ్మ.

ఆయన దారి మార్చాడు. "అసలది సున్నానే కాదు, సిరా మచ్చ. కావాలంటే వాళ్ళ నకలే చూడండి. వాళ్ళ టైపిస్టే 'పాప' అని కొట్టి, ఉన్నది ఉన్నట్టని సంతకం పెట్టి ఇచ్చింది. ఇప్పుడేమో సున్నా ఉందంటున్నారు!"

హాలంతా నావైపు తిరిగింది. మెట్ల వెనక దాక్కునే గుమాస్తా కూడా ఆ మూల నిలబడి ఉన్నాడు. లేచాను.

"అయ్యా, ఆ టైపిస్టుని నేనే."

జడ్జిగారు కళ్ళద్దాల మీంచి చూశారు. "సున్నాల... మీరా? మీ నకల్లో తప్పా?"

"తప్పేనండీ. తప్పు కనబడితే దిద్దేసే రోగం నాది. చూడకుండా దిద్దేశాను, చూడకుండా సంతకం పెట్టేశాను. మచ్చయితే ఒకచోట పడుతుంది, ముప్పై ఒక్కచోట్ల ఒకే అక్షరం పక్కన పడదు. నాకు ఏ శిక్ష వేసినా సరే. కానీ అయ్యా, నేను చూడకుండా సంతకం పెట్టింది కాగితం మీద. వీళ్ళు పెట్టింది పసిపిల్ల మీద."

అంత మాట అంటానని నాకే తెలీదు. బల్ల పట్టుకున్నాను. పక్కన పిచ్చుక తన ఎడమచెయ్యి నా చేతిమీద వేసింది. ఆ బిగుసుకుపోయిన మూడువేళ్ళ బరువు నాకు తెలుస్తూనే ఉంది.

జడ్జిగారు ఒక తెల్లకాగితం, పెన్ను బోనులోకి పంపించారు. "రాయండి. పాప క్షేమంగా ఉంది. పాప ఆడుకుంటోంది. పాప భోజనం చేసింది."

అధికారి రాశాడు. బంట్రోతు తెచ్చిచ్చాడు. జడ్జిగారు చూసి, మాకందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నారు. మూడుచోట్లా ముత్యాల్లాంటి అక్షరాలతో 'పాప'. ఎక్కడా సున్నా లేదు.

"మీకు పాప రాయడం వచ్చే! మరి ఈ పదిహేడూ ఎవరు కొట్టారు?"

ఆయన ఒక జేబు తడుముకున్నాడు, ఇంకో జేబు తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే ఉంది. "అది... ఆఫీసులో కొట్టించారండీ. నేను సంతకం పెట్టానంతే."

"ఎప్పుడు?"

"కేసు పడ్డాక."

"అన్నీనా?"

"ముప్పై ఒకటీ ఒకరోజే కొట్టించారండీ. ఆయన సంతకాలు ఆయనింటికి పంపి పెట్టించుకొచ్చారు."

"మీరా ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళారు?"

ఆయన జేబులో పెన్నులు సర్దుకున్నాడు. జడ్జిగారు మళ్ళీ అడిగారు.

"ఒక్కసారండీ."

"నీళ్ళు తాగారు!" అంది పిచ్చుక పెద్దగా. "స్టీలు గ్లాసులో. నేనే తెచ్చిచ్చా, ఈ చేతికి గుడ్డ చుట్టుకుని!"

మామూలుగా అయితే కోర్టులో అలా అరిస్తే బయటికి పంపేస్తారు. ఎవరూ పంపలేదు. అధికారి ఆ పిల్ల చేతివైపు చూశాడు. బహుశా చూడటం అదే మొదటిసారి. వెంటనే తల దించేసుకున్నాడు.

తీర్పు తర్వాత వివరంగా రాస్తానని, అయినా ఒక్కమాట ఇప్పుడే చెబుతున్నానని అన్నారు జడ్జిగారు. "బిడ్డని తెచ్చి ఒకరింట్లో పెట్టి, పెట్టినవాళ్ళు చేతులు దులుపుకుంటే కుదరదు. ఈ పిల్ల చేతికి శాఖ జవాబుదారీ. ఆ దొంగ కాగితాల సంగతి వేరే తేలుస్తాను." ఆగి, గోడ గడియారం చూశారు. "ఆ ఇంట్లో ఇప్పుడు ముగ్గురున్నారన్నారు కదా. కోర్టు అమీనా, లాయరుగారు ఇప్పుడే వెళ్ళండి. ఏ ఒక్కరికి బాగాలేకపోయినా ముగ్గుర్నీ తీసుకొచ్చేయండి. నివేదిక రాయడానికి ఈవిడ వెళ్తారు." నావైపు తిరిగారు. "ఈసారి దిద్దకండి."

అదే నాకు పడ్డ శిక్ష.

ఉత్తర్వులు అమలు చేసే అమీనాతో కలిసి కోర్టు కారులో ఇరుక్కుని కూర్చున్నాం. పిచ్చుకని వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. దారంతా వాగుతూనే ఉన్న పిల్ల, ఆ వీధి మలుపు తిరగ్గానే గప్‌చుప్ అయిపోయింది. నీలంరంగు గేటు, గుమ్మంలో మూడు జతల చిన్నచెప్పులు.

ఆవిడ తలుపు తీసింది. సంగతి వినగానే నవ్వుమొహం పెట్టుకుని పిల్లల్ని పిలిచింది. తలలు దువ్వి ఉన్నాయి, బట్టలు శుభ్రంగా ఉన్నాయి. ఇద్దరు కాస్త పెద్దపిల్లలు, మూడోది ఐదేళ్ళది. వరసగా గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"చూసుకోండి. ముగ్గురూ బాగానే ఉన్నారు," అంది.

ముప్పై ఏళ్ళ అలవాటు. అట్ట మీద కాగితం పెట్టుకుని, 'పిల్లలు ముగ్గురూ క్షే' దాకా రాసేశాను.

"అప్పుడే రాయకు పెద్దమ్మా," అంది పిచ్చుక. "ముందు చేతులు చూడు."

నా కలం ఆగిపోయింది. పిచ్చుక పిల్లల ముందు మోకాళ్ళమీద కూర్చుంది. తన ఎడమచెయ్యి చాపి చూపించింది. "ఇది నాది. మీవీ చూపించండి మరి." పెద్దవాళ్ళిద్దరూ చాపారు, బాగానే ఉన్నాయి. చిన్నది కుడిచెయ్యి వీపు వెనక దాచుకుంది.

"ఆటల్లో గీరుకుందండీ, దానికి సిగ్గెక్కువ," అంది ఆవిడ.

"మీరు మాట్లాడకండి," అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, అమీనా కూడా ఒకడుగు వెనక్కి వేశాడు.

పిచ్చుక ఏమీ తొందరపెట్టలేదు. అలాగే కూర్చుంది. చివరికి ఆ చిన్నచెయ్యి మెల్లగా ముందుకొచ్చింది. అరచేతి నిండా బొబ్బ. నిన్నటిదో, పొద్దుటిదో.

రాసింది అడ్డంగా కొట్టేశాను. నా కాగితం మీద కొట్టివేత పడటం నా బతుకులో అదే మొదలు. దాని కింద రాశాను: 'చిన్న పాప క్షేమంగా లేదు. కుడి అరచేతిలో కాలిన బొబ్బ. కళ్ళారా చూశాను.' లాయరమ్మ అప్పటికే డాక్టరుకి ఫోను చేస్తోంది. అమీనా మిగతా ఇద్దర్నీ చెప్పులేసుకోమంటున్నాడు.

పిచ్చుక మాత్రం ఆ చిన్నచెయ్యి వదల్లేదు. "అమ్మడూ, కొంచెం నొప్పి పుడుతుంది. ఒక్కసారి వేళ్ళు వంచు, నాకోసం."

పిల్ల మొహం చిట్లించింది. బొటనవేలు వంచింది. తర్వాత చూపుడువేలు. ఒక్కొక్కటే, చిటికెనవేలు దాకా వంచి, మళ్ళీ తెరిచింది.

"పెద్దమ్మా!" పిచ్చుక ఎగిరి నిలబడింది. ఏడుస్తోంది, నవ్వుతోంది, ఆ వీధి వీధంతా వినబడేలా అరుస్తోంది. "వంగుతున్నాయి! ఐదూ వంగుతున్నాయి! అది కూడా రాయి పెద్దమ్మా, అది కూడా రాయి!"

రాశాను. కింద సంతకం పెట్టాను.